కథకునికి కావలసిన సామగ్రి: మున్షీ ప్రేమ్‌చంద్ జీవితం

కథలు వ్రాయాలన్న అభిలాష గలవారు ప్రతి తరగతిలోనూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారు తెలుగు అధ్యాపకునినో, ఉర్దూ అధ్యాపకునినో ఆశ్రయించి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకే విధంగా ఉంటాయి. ఏ గ్రంథాలు చదవాలి? కథావస్తువు ఎక్కడ దొరుకుతుంది? వ్రాసినదానిని ఎవరికి చూపాలి? ఎవరు ప్రచురిస్తారు? ఇంట ఉర్దూ మాట్లాడుతూ బడిలో తెలుగు చదువుకున్నవారికి మరొక సందేహం కూడా తోడవుతుంది. రెండు భాషల నడుమ పెరిగినవారికి ఏ ఒక్క భాషలోనైనా రచయిత కాగల పట్టు చిక్కుతుందా అన్నదే ఆ సందేహం. సరియైన సమాధానం లభించక, రచన అనేది ధనము, పరిచయాలు, తీరిక గలవారికే సాధ్యమని భావించి, ఎంతో మంది ప్రతిభావంతులు మొదటి కథతోనే కలం ప్రక్కన పెట్టివేస్తున్నారు. ఇది వారికే గాక మన సాహిత్యానికి కూడా నష్టమే.

ఈ ప్రశ్నలన్నింటికీ సమాధానం ఒక మహారచయిత జీవితంలో లభిస్తుంది. ఆయనే మున్షీ ప్రేమ్‌చంద్. ఉర్దూ, హిందీ భాషలు రెండూ తమవాడని చెప్పుకొనే ఆ మహనీయునికి ధనము లేదు, వంశపారంపర్యంగా వచ్చిన సాహిత్య ప్రతిష్ఠ లేదు, మార్గం చూపే గురువు లేడు. అయినా కథకునికి కావలసిన సామగ్రిని ఆయన ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నాడు. తాను సంపాదించిన అనుభవాన్ని తరువాతి తరం యువ రచయితలకు పంచిపెట్టాడు. ఆ జీవితాన్ని ఈ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసోద్దేశం.

బాల్యము - పుస్తకాల దుకాణము

ప్రేమ్‌చంద్ అసలు పేరు ధన్‌పత్ రాయ్. 1880 జూలై 31వ తేదీన కాశీనగర సమీపంలోని లమహీ అనే చిన్న గ్రామంలో, ఒక సామాన్య కాయస్థ కుటుంబంలో జన్మించాడు. తండ్రి అజాయబ్ లాల్ తపాలాశాఖలో గుమాస్తా. తల్లి ఆనందీదేవి. ఉర్దూ, పారశీక విద్యలు కాయస్థ కుటుంబాలలో సంప్రదాయంగా వస్తూండేవి. ఆ ప్రకారమే బాలుని అక్షరాభ్యాసం ఒక మౌల్వీగారి వద్ద జరిగింది. ఏడెనిమిదేళ్ళ ప్రాయంలోనే తల్లి మరణించింది. తండ్రి మరల వివాహం చేసుకున్నాడు. మాతృప్రేమకు దూరమైన ఆ బాలుడు కథల లోకంలో ఓదార్పు వెదకుకొన్నాడు.

తండ్రి ఉద్యోగరీత్యా గోరఖ్‌పూర్‌లో ఉన్న కాలంలో, పదమూడేళ్ళ ఆ బాలునికి ఉర్దూ నవలల మీద విపరీతమైన మోజు ఏర్పడింది. రతన్‌నాథ్ సర్షార్, అబ్దుల్ హలీమ్ షరర్, మీర్జా రుస్వా మొదలైనవారి పేరు వినబడితే చాలు, ఆ పుస్తకం చదివి తీరవలసిందే. కాని కొనే స్తోమత లేదు. రేతీ చౌక్‌లో బుద్ధిలాల్ అనే పుస్తక విక్రేత ఉండేవాడు. బాలుడు ఆ దుకాణంలో కూర్చుండి నవలలు చదివేవాడు. దినమంతా అక్కడ కూర్చుండుట సాధ్యం కాదు గనుక ఒక ఉపాయం ఆలోచించాడు. ఆ దుకాణంలోని ఇంగ్లీషు గైడ్లు, నోట్సులు తీసుకొని పోయి తన పాఠశాల విద్యార్థులకు అమ్మిపెట్టేవాడు. అందుకు ప్రతిఫలంగా నవలలు ఇంటికి తెచ్చుకొని చదివేవాడు. రెండు మూడు సంవత్సరాలలో ఈ విధంగా వందల కొలది నవలలు చదివాడు. నవలలు అయిపోగా, నవల్‌కిశోర్ ప్రెస్ వారు ప్రచురించిన పురాణాల ఉర్దూ అనువాదాలు చదివాడు. అద్భుత కథల మహాసముద్రమైన 'తిలిస్మ్-ఎ-హోష్‌రుబా' సంపుటాలు కూడా కొన్ని పూర్తి చేశాడు.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. ఆ చదువులో ఎన్నిక లేదు, క్రమం లేదు. ఉత్తమ సాహిత్యమూ, కాలక్షేపపు సాహిత్యమూ కలగలిసి ఉన్నవి. అయినా కథను ఎట్లా ప్రారంభించాలో, పాఠకుని కుతూహలాన్ని ఎట్లా నిలబెట్టాలో ఆ విస్తృత పఠనమే ఆ బాలునికి నేర్పింది. మంచి చెడులను వేరుచేసే వివేకం తరువాత వచ్చింది.

ఆ రోజులలోనే ఆయన తొలి రచన కూడా జరిగింది. వరుసకు మామయ్య అయిన ఒక బంధువు ప్రణయ వ్యవహారంలో చిక్కుకొని ఊరివారిచేత దెబ్బలు తిన్నాడు. నవలలు చదువుతున్నందుకు బాలుని మందలించేవాడు ఆయనే. బాలుడు ఆ ఉదంతాన్ని పరిహాస నాటకంగా వ్రాసి, మామయ్య తలగడ ప్రక్కన పెట్టి బడికి వెళ్ళిపోయాడు. సాయంకాలం తిరిగి వచ్చేసరికి మామయ్య లేడు, వ్రాతప్రతీ లేదు. ఆ రచన ఏమైనదో ఎన్నటికీ తెలియలేదు. కాని తన చుట్టూ ఉన్న మనుష్యులే కథావస్తువులనీ, వ్రాసిన మాటకు మనిషిని కదిలించే శక్తి ఉన్నదనీ ఆ సంఘటనతో ఆయనకు తెలిసింది.

దారిద్ర్యములో సాధన

పదిహేనవ యేట వివాహం జరిగింది. కొద్దికాలానికే తండ్రి గతించగా, కుటుంబ భారం ఆ యువకుని మీద పడింది. గ్రామం నుండి కాశీకి ప్రతిదినం నడచి పోయి చదువుకొని, ఒక విద్యార్థికి పాఠాలు చెప్పి, రాత్రికి ఇల్లు చేరి, కిరసనాయిలు బుడ్డి వెలుగులో చదువుకొనేవాడు. మెట్రిక్యులేషన్‌లో ద్వితీయశ్రేణి మాత్రమే వచ్చినందున జీతపు రాయితీ దొరకలేదు. గణితం ఆయనకు కొరుకుడు పడని శాస్త్రం. ఆ గణితమే కళాశాల ప్రవేశానికి అడ్డుగా నిలిచింది.

ఆ కాలంలో ఒక వకీలుగారి కుమారునికి పాఠాలు చెబితే నెలకు అయిదు రూపాయలు వచ్చేవి. అందులో రెండు రూపాయలతో తాను గడుపుకొని, మూడు రూపాయలు ఇంటికి ఇవ్వాలని నిశ్చయించుకొన్నాడు. గుర్రపుశాల పైనున్న చిన్న మట్టిగదిలో నివాసం. గణితం అభ్యసించడానికని గ్రంథాలయానికి పోయి, అక్కడ నవలలు చదువుతూ కూర్చునేవాడు. సర్షార్ వ్రాసిన 'ఫసానా-ఎ-ఆజాద్' ఆ రోజులలోనే చదివాడు. బంకించంద్రుని నవలల ఉర్దూ అనువాదాలు ఆ గ్రంథాలయంలో ఉన్నవన్నీ పూర్తి చేశాడు. ఒకనాడు చేతిలో దమ్మిడీ లేక, రెండు రూపాయలు పెట్టి కొన్న గణితం గైడును ఒక్క రూపాయికి అమ్ముకొన్నాడు. ఆ దుకాణంలోనే ఒక చిన్న పాఠశాల ప్రధానోపాధ్యాయుడు తటస్థపడి, పద్దెనిమిది రూపాయల జీతం మీద ఉపాధ్యాయ పదవి ఇచ్చాడు. ఆ విధంగా 1899లో చునార్‌లో ఉద్యోగ జీవితం ఆరంభమైంది. తరువాత ప్రభుత్వ పాఠశాలలలో పనిచేస్తూ, రచన సాగిస్తూ, 1916లో ఇంటర్మీడియట్, 1919లో బి.ఏ. ఉత్తీర్ణుడైనాడు. డిగ్రీ చేతికి వచ్చేనాటికి ఆయనకు ముప్పదితొమ్మిదేళ్ళు. అప్పటికే ఆయన ప్రసిద్ధ రచయిత.

పత్రిక - మిత్రుడు - కొత్త పేరు

1903 నుండి 1905 వరకు కాశీలోని 'ఆవాజ్-ఎ-ఖల్క్' అనే ఉర్దూ వారపత్రికలో ఆయన తొలి నవల 'అస్రార్-ఎ-మఆబిద్' ధారావాహికంగా వెలువడింది. పుణ్యస్థలాలలో జరిగే వంచనను బట్టబయలు చేసిన రచన అది. 1905లో కాన్పూరుకు బదిలీ కావడంతో 'జమానా' పత్రికా సంపాదకుడు దయానారాయణ్ నిగమ్‌తో గాఢమైన స్నేహం కుదిరింది. యువ రచయితకు పుస్తకాల తరువాత కావలసిన రెండవ సామగ్రి ఇట్టి మిత్రుడే. వ్రాసినది శ్రద్ధగా చదివేవాడు, నచ్చనిది నచ్చలేదని చెప్పగలవాడు, ప్రచురణకు దారి చూపేవాడు ఒక్కడున్నా చాలును. ఆ స్నేహం జీవితాంతం నిలిచింది.

1908లో 'జమానా' ముద్రణాలయం నుండి 'సోజ్-ఎ-వతన్' అనే అయిదు కథల సంపుటి వెలువడింది. అప్పుడాయన కలం పేరు నవాబ్ రాయ్. దేశభక్తిని ప్రబోధించిన ఆ కథలు ప్రభుత్వానికి కంటగింపైనవి. రచయిత అప్పటికి హమీర్‌పూర్ జిల్లాలో పాఠశాలల సబ్-డిప్యూటీ ఇన్‌స్పెక్టరు. కలెక్టరు నుండి పిలుపు రాగా ఎడ్లబండి మీద రాత్రంతా ముప్పది నలుబది మైళ్ళు ప్రయాణించి, మరునాడు ఆయన ఎదుట నిలిచాడు. ఆ దొరగారు ఒక్కొక్క కథకు అర్థం చెప్పించుకొని, ఇది మొగలాయీల కాలం కానందుకు సంతోషించమనీ, ఆ కాలమైతే రెండు చేతులూ నరికివేసి ఉండేవారనీ ఆగ్రహించాడు. ముద్రించిన వేయి ప్రతులలో సుమారు మూడు వందలు మాత్రమే అమ్ముడైనవి. మిగిలిన ఏడు వందల ప్రతులనూ ప్రభుత్వానికి అప్పగించవలసి వచ్చింది. ఇకముందు ఏది వ్రాసినా అధికారులకు చూపి అనుమతి పొందాలన్న నిబంధన విధింపబడింది.

ఉద్యోగం మానితే కుటుంబం గడవదు. కలం మానితే తాను నిలువలేడు. ఆ సంకటంలో మిత్రుడు నిగమ్ సూచించిన పేరే ప్రేమ్‌చంద్. 1910 డిసెంబరు 'జమానా' సంచికలో ఆ పేరుతో మొదటి కథ ప్రచురితమైంది. నిర్బంధం నుండి పుట్టిన ఆ పేరే శాశ్వతమై నిలిచింది. చివరకు 1921 ఫిబ్రవరిలో, గోరఖ్‌పూర్‌లో గాంధీమహాత్ముని ఉపన్యాసం విన్న కొద్ది రోజులకే, ఇరువది సంవత్సరాలు పైబడిన ప్రభుత్వోద్యోగానికి రాజీనామా చేశాడు.

రెండు భాషల సంపద

ప్రేమ్‌చంద్ ఉర్దూ రచయితగా ఆరంభించి, ముప్పది దాటిన తరువాత హిందీలో కూడా రచన సాగించాడు. 'బాజార్-ఎ-హుస్న్' నవలను మొదట ఉర్దూలోనే వ్రాసినా, హిందీ రూపమైన 'సేవాసదన్' 1919 నాటికే వెలువడగా, ఉర్దూ ప్రచురణ 1924 వరకు ఆగవలసి వచ్చింది. ప్రచురణ సౌకర్యాలు ఆయనను హిందీవైపు నడిపించిన మాట వాస్తవమే. కాని ఆయన ఉర్దూను విడిచిపెట్టలేదు. లోకప్రసిద్ధమైన 'కఫన్' కథ మొదట 1935 డిసెంబరులో ఉర్దూ పత్రిక 'జామియా'లోనే వెలువడింది. ఒక భాషలో వ్రాసినదానిని రెండవ భాషలోకి తెచ్చేటప్పుడు వాక్యాలు సడలించి, బిగించి, కొన్నింటిని పూర్తిగా మార్చేవాడు. అందుచేత ప్రతి రచనకూ మరొక సంస్కరణ లభించేది.

అనువాదం ఆయనకు మరొక పాఠశాల. టాల్‌స్టాయ్ కథలను, అనటోల్ ఫ్రాన్స్ నవల 'థాయిస్'ను, జార్జి ఇలియట్ 'సైలస్ మార్నర్'ను, గాల్స్‌వర్దీ నాటకాలను హిందీలోకి తెచ్చాడు. పేదవిద్యార్థిగా గ్రంథాలయంలో చదివిన 'ఫసానా-ఎ-ఆజాద్'ను కొన్నేళ్ళకు తానే సంక్షిప్తం చేసి 'ఆజాద్ కథా' పేరుతో హిందీ పాఠకులకు అందించాడు. గొప్ప రచనను అనువదించేవాడు దానిని వాక్యం వాక్యంగా విప్పి చూడవలసి వస్తుంది. కథానిర్మాణ రహస్యాలు తెలుసుకొనడానికి అంతకు మించిన అభ్యాసం లేదు.

కథారచనపై ఆయన బోధ

నవలారచనను గూర్చీ, కథానికను గూర్చీ, తాను కథలు వ్రాసే పద్ధతిని గూర్చీ ప్రేమ్‌చంద్ కొన్ని వ్యాసాలు వ్రాశాడు. కొత్తగా కలం పట్టేవారికి అవి నేటికీ ఉపకరిస్తాయి. రచయిత తన సామగ్రిని అలమారలోని పుస్తకాల నుండి గాక, ప్రతిదినం తాను కలుసుకొనే మనుష్యుల జీవితం నుండి తీసుకొనాలన్న ఆంగ్ల రచయిత వాల్టర్ బెసంట్ అభిప్రాయాన్ని ఆయన ఆదరించాడు. కొత్త దృశ్యమో, వింత ముఖమో కనిపించినప్పుడు వెంటనే వ్రాసి ఉంచుకొనడానికి ఒక నోటుపుస్తకం వెంట ఉండాలని సలహా ఇచ్చాడు. మనస్సు అట్టి విషయాలను వేటికవి భద్రపరచగల స్థితికి వచ్చేవరకు ఆ పుస్తకం అవసరమని ఆయన అభిప్రాయం. తాను మాత్రం ఎన్నడూ నోటుపుస్తకం ఉంచుకొనలేదని అక్కడే నిజాయితీగా ఒప్పుకొన్నాడు.

అన్నింటికన్నా ముఖ్యమైన సూత్రం మరొకటి. కేవలం ఒక సంఘటన కథ కాజాలదు. ఆ సంఘటన ఏదో ఒక మానసిక సత్యాన్ని వెల్లడించినప్పుడే కథ అవుతుంది. అట్టి ఆధారం దొరికేవరకు తన కలం సాగదని ఆయన చెప్పుకొన్నాడు.

ఈ సూత్రానికి ఉదాహరణ 1933లో వెలువడిన 'ఈద్‌గాహ్' కథ. అమీనా అనే వృద్ధురాలి వద్ద పెరుగుతున్న తల్లిదండ్రులు లేని బాలుడు హామిద్. పండుగనాడు మూడు పైసలతో తోటివారి వెంట ఈద్‌గాహ్‌కు బయలుదేరుతాడు. మిత్రులు మట్టిబొమ్మలు, మిఠాయిలు కొనుక్కొంటారు. హామిద్ మాత్రం రొట్టెలు కాల్చేటప్పుడు అవ్వ వ్రేళ్ళు కాలుతున్నాయని తలచి ఒక పట్టకారు కొంటాడు. ఇంతవరకు ఇది ఒక సంఘటన. ఇంటికి వచ్చిన తరువాత, ఏమీ తినక త్రాగక పట్టకారు తెచ్చాడని అవ్వ మొదట కోపిస్తుంది. కారణం విన్న మరుక్షణం ఆమె కోపం వాత్సల్యంగా మారిపోతుంది. పసివాడు పెద్దవాడైనాడు, ముసలిది పసిపిల్లయై కన్నీరు కార్చింది. ఈ మానసిక పరివర్తనయే కథ. ప్రతి సంవత్సరం మన ఊళ్ళలోని ఈద్‌గాహ్‌లలో ఎంతమంది హామిద్‌లను మనం చూస్తున్నాము! చూడడానికీ గ్రహించడానికీ గల భేదం ఈ కథ చదివినవారికి తెలుస్తుంది.

ఇతరులకు అందించిన చేయూత

తనకు నిగమ్ చేసిన ఉపకారాన్ని ప్రేమ్‌చంద్ ఎందరో యువకులకు చేశాడు. 1923లో కాశీలో సరస్వతీ ప్రెస్ స్థాపించాడు. లక్నోలో 'మాధురి' పత్రికా సంపాదకవర్గంలో పనిచేశాడు. 1930 మార్చిలో 'హంస్' మాసపత్రికను ప్రారంభించాడు. 1932లో 'జాగరణ్' వారపత్రిక బాధ్యత కూడా స్వీకరించాడు. ముద్రణాలయమూ, పత్రికలూ నష్టాలే తెచ్చిపెట్టినవి. తన నవలల మీద వచ్చిన ఆదాయం వాటికే సమర్పించాడు. జైనేంద్రకుమార్ వంటి నూతన రచయితలను ప్రోత్సహించాడు. ఉర్దూలో వ్రాస్తున్న ఉపేంద్రనాథ్ అశ్క్ ఆయన సలహా మీదనే హిందీ రచనకు పూనుకొన్నాడు. ఆయన రెండవ భార్య శివరాణీదేవి బాలవితంతువు. 1906లో ఆమెను వివాహమాడడమే ఆ రోజులలో సాహసం. ఆమె కూడా కథారచయిత్రిగా ఎదిగింది. భర్త గతించిన తరువాత 1944లో ఆయన గృహజీవితాన్ని గూర్చి గ్రంథం ప్రకటించింది.

పత్రికల అప్పులు తీర్చడానికే 1934లో బొంబాయిలో అజంతా సినీటోన్ సంస్థకు కథలు వ్రాయడానికి ఒప్పుకొన్నాడు. ఆ వాతావరణం సరిపడక 1935లో తిరిగి వచ్చాడు. ఈ మధ్యలోనే, 1934 డిసెంబరులో, మద్రాసులో దక్షిణ భారత హిందీ ప్రచార సభ స్నాతకోత్సవంలో ప్రసంగించాడు. భారతీయ భాషలన్నింటి సాహిత్యం ఒక వేదిక మీదకు రావాలన్నది ఆయన ఆకాంక్ష. 1935 అక్టోబరు నుండి 'హంస్' ఆ ఆశయంతోనే భారతీయ సాహిత్య పరిషత్ పక్షాన వెలువడింది.

1936 ఏప్రిల్‌లో లక్నోలో జరిగిన అభ్యుదయ రచయితల ప్రథమ మహాసభకు ఆయన అధ్యక్షత వహించాడు. సాహిత్యం వినోదసాధనంగా మిగలరాదనీ, సౌందర్యాన్ని కొలిచే ప్రమాణాన్నే మార్చుకొనాలనీ, శ్రమించేవారి జీవితంలో కూడా సౌందర్యాన్ని చూడగలగాలనీ ఆ సభలో ఉద్బోధించాడు. ఆ సంవత్సరమే రైతు జీవిత మహాకావ్యమైన 'గోదాన్' వెలువడింది. అదే ఏడు ప్రభుత్వం 'హంస్' నుండి ధరావత్తు కోరగా పరిషత్ పత్రికను విడిచిపెట్టింది. రోగశయ్య మీద ఉన్న ప్రేమ్‌చంద్ ఆ ధరావత్తు తానే చెల్లింపజేసి పత్రికను నిలబెట్టాడు. 1936 అక్టోబరు 8వ తేదీన, ఏబదియారవ యేట, కాశీలో కన్నుమూశాడు. పన్నెండు నవలలకు పైగా, సుమారు మూడు వందల కథలు ఆయన మనకు విడిచివెళ్ళిన ఆస్తి. ఆయన 'కఫన్' కథే 1977లో మృణాల్ సేన్ దర్శకత్వంలో 'ఒక ఊరి కథ' అనే తెలుగు చలనచిత్రమై మన ముందుకు వచ్చింది.

మన కర్తవ్యము

విద్యార్థి మిత్రులారా! గుర్రపుశాల మీది గదిలో నివసించిన ఆ యువకునికన్నా మీకు సామగ్రి ఎక్కువగానే ఉన్నది. మన కళాశాల గ్రంథాలయం ఉన్నది. హైదరాబాదు వెళ్ళగలిగితే అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1931లో స్థాపితమైన ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ వారి గ్రంథాలయం ఉన్నవి. తెలుగు కథలను ఒక్కచోట చేర్చాలన్న సంకల్పంతో కాళీపట్నం రామారావుగారు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం ఉన్నది. కథానిర్మాణాన్ని శాస్త్రీయంగా తెలుసుకొనగోరేవారికి వల్లంపాటి వెంకటసుబ్బయ్యగారి 'కథాశిల్పం' ఉన్నది. 1999లో దానికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ప్రతిదినం కొంత చదవండి, కొంత వ్రాయండి. జేబులో చిన్న నోటుపుస్తకం ఉంచుకొనండి. రెండు భాషలు తెలియడాన్ని లోపంగా భావించవద్దు. నెలకొక ఉర్దూ కథను తెలుగులోకి, ఒక తెలుగు కథను ఉర్దూలోకి అనువదించి చూడండి. ఆరు నెలలలో మీ వాక్యం ఎంత బలపడినదో మీకే తెలియగలదు. మీ రచనను మొగమాటం లేకుండా విమర్శించే మిత్రునికి చూపండి. తిరిగి వచ్చిన కథను దిద్ది మరల పంపండి.

కళాశాల పాలకవర్గం వారికి కూడా ఒక విన్నపం. సాయంకాలం తరగతులు ముగిసిన తరువాత మరొక గంట గ్రంథాలయం తెరచి ఉంచితే, పుస్తకాలు కొనలేని విద్యార్థికి అది బుద్ధిలాల్ దుకాణమంత మేలు చేయగలదు. ప్రతి సంవత్సరం కొన్ని ఉర్దూ, తెలుగు కథాసంపుటాలు కొనిపించడం, విద్యార్థులచేత ఒక లిఖిత పత్రిక నడిపించడం పెద్ద వ్యయంతో కూడిన పనులు కావు. రేపటి రచయిత నేడు మన తరగతిలో వెనుక బల్ల మీద కూర్చుండి ఉండవచ్చు. అతని చేతికి ఒక పుస్తకం అందించడం మన విధి.